శాట్ రాయాలా, ఏసీటీ రాయాలా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. లెక్కల్లో దిట్ట. ఇంగ్లీషు తప్పుల్లేకుండా రాస్తుంది గానీ పాఠ్యపుస్తకం దాటి చదివే అలవాటు లేదు. అమెరికాలో బ్యాచిలర్స్ చేయించాలని మా కోరిక. ఏసీటీలో సైన్స్ కూడా ఉంటుంది కాబట్టి ఎంపీసీ పిల్లలకు అదే మేలని బంధువులు చెబుతున్నారు. వారి మాట నమ్మవచ్చా? – ఒక తండ్రి

జవాబు: శాట్, ఏసీటీ రెండూ అమెరికాలో బ్యాచిలర్స్ ప్రవేశాలకు రాసే పరీక్షలు. మీ బంధువులు చెబుతున్నది పాత ఏసీటీ సంగతి. 2025లో ఆ పరీక్ష రూపురేఖలు మారాయి. ఇప్పుడు తప్పనిసరిగా రాయవలసినవి ఇంగ్లీష్, మ్యాథ్స్, రీడింగ్ అనే మూడు సెక్షన్లే. సైన్స్ ఐచ్ఛికం; రాసినా దాని స్కోరు విడిగా చూపుతారే తప్ప 36కు లెక్కగట్టే మొత్తం స్కోరులో కలపరు. అందువల్ల సైన్స్ పేరు చూసి ఏసీటీ వైపు మొగ్గవలసిన అవసరం లేదు. పైగా ఆ సైన్స్ సెక్షన్ ఫిజిక్స్, కెమిస్ట్రీ పాఠాలను అప్పజెప్పించుకునేది కాదు. ఒక ప్రయోగ వివరణ, దాని కింద రెండు గ్రాఫులు, ఒక పట్టిక ఇచ్చి, ఉష్ణోగ్రత పెరిగితే ఫలానా రాశి ఏమవుతోంది, ఇద్దరు పరిశోధకుల వాదనల్లో దేనికి ఈ ఫలితం బలమిస్తోంది అని అడుగుతారు. పాఠ్యాంశ జ్ఞానంతోనే తేలే ప్రశ్నలు కొద్దిగానే ఉంటాయి. ఫార్ములాలన్నీ కంఠతా వచ్చిన పిల్లలు కూడా ఇందులో తడబడతారు, ఎందుకంటే ఇది సైన్స్ వేషంలో ఉన్న రీడింగ్ పరీక్ష.

మీ అమ్మాయి విషయంలో నిజంగా చూడవలసింది లెక్కలకు ఏ పరీక్షలో ఎంత బరువు ఉన్నదన్నది. శాట్ మొత్తం 1600. అందులో రీడింగ్ అండ్ రైటింగ్‌కు 800, మ్యాథ్స్‌కు 800. అంటే లెక్కల వాటా సగం. ఏసీటీలో మూడు సెక్షన్ల సగటు తీస్తారు గనుక లెక్కల వాటా మూడో వంతే, మిగతా రెండు వంతులూ ఇంగ్లీషువే. ఒక ఉదాహరణ తీసుకుందాం. లెక్కల్లో బలంగా, ఇంగ్లీషులో మధ్యస్థంగా ఉన్న విద్యార్థికి శాట్‌లో మ్యాథ్స్ 780, రీడింగ్ అండ్ రైటింగ్ 600 వచ్చాయనుకోండి, మొత్తం 1380. అదే విద్యార్థికి ఏసీటీలో మ్యాథ్స్ 35, ఇంగ్లీష్ 24, రీడింగ్ 24 వస్తే సగటు 27.67, అంటే 28. ఈ రెండు పరీక్షల నిర్వాహక సంస్థలు 2018లో కలిసి విడుదల చేసిన సమానతా పట్టిక ప్రకారం శాట్ 1380 ఏసీటీ 30కి సాటి వస్తుంది. ఏసీటీ 28 శాట్ 1310కి సాటి. చదువు అదే, మనిషి అదే, లెక్కగట్టే పద్ధతి మారడం వల్ల అంత తేడా వచ్చింది.

అయితే లెక్కల్లో దిట్ట అన్నంత మాత్రాన శాట్ మ్యాథ్స్‌లో 780 దానంతట అదే రాదు. మన ఇంటర్ సిలబస్‌తో పోలిస్తే అందులోని గణితం తేలికే. కాలిక్యులస్ అసలు ఉండదు. మూడింట రెండు వంతులకు పైగా ప్రశ్నలు బీజగణితం నుంచి, వర్గ సమీకరణాలు, ఘాత ప్రమేయాల వంటి దాని పై మెట్టు నుంచి వస్తాయి. మిగతావి నిష్పత్తులు, శాతాలు, దత్తాంశ విశ్లేషణ, జ్యామితి, కొద్దిపాటి త్రికోణమితి. చిక్కంతా ప్రశ్నను చదవడంలో ఉంటుంది. ఎక్స్ విలువ కనుక్కున్నాక ప్రశ్న అడిగింది ఎక్స్ కాదు, మూడు ఎక్స్‌లలోంచి ఒకటి తీసేస్తే వచ్చేదెంత అని. ఎక్స్ విలువ కూడా ఆప్షన్లలో పొందికగా కూర్చుని ఉంటుంది. జేఈఈ తరహా సాధనతో వచ్చిన పిల్లలు లెక్క సగంలో ఉండగానే జవాబు కనిపించిందని దాన్ని నొక్కేసి ముందుకు వెళ్లడం మామూలే. దాదాపు నాలుగో వంతు ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, జవాబును టైప్ చేయాలి.

కాబట్టి మీ అమ్మాయికి నా సలహా శాట్. కానీ సాధన సమయంలో ఎక్కువ భాగం తనకు ఇష్టమైన లెక్కలకు కాక, చదవడానికి కేటాయించాలి. ఇప్పటి శాట్‌లో పొడవాటి పేసేజీలు లేవు. 25 నుంచి 150 పదాల చిన్న పేరా, దాని కింద ఒకే ప్రశ్న. నవలలు చదివే అలవాటు లేని పిల్లలకు ఇది కాస్త ఊరట. రోజూ ఒక సంపాదకీయమో సైన్స్ వ్యాసమో తీసుకుని, ఒక్కో పేరాను ఒక్కో వాక్యంలో చెప్పించండి. ఏడాది వ్యవధి ఉంది గనుక ఆ అలవాటు ఫలితం ఇవ్వడానికి చాలినంత సమయం ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో 11వ గ్రేడ్ చదువుతున్నాడు. తెలియనివాడు కాదు, కానీ నెమ్మది. తొందరపెడితే తెలిసినవీ తప్పు చేస్తాడు. ఏసీటీకి వేగం కావాలంటున్నారు గనుక శాట్ రాయిస్తే సరిపోతుందా? – ఒక తల్లి

జవాబు: మీరు విన్నది స్థూలంగా నిజమే. అయితే మునుపటంత నిజం కాదు. పాత ఏసీటీలో ఇంగ్లీష్ సెక్షన్‌లో 45 నిమిషాల్లో 75 ప్రశ్నలు ఉండేవి, అంటే ఒక్కో ప్రశ్నకు 36 సెకన్లు. ఇప్పుడు 35 నిమిషాల్లో 50 ప్రశ్నలు. ఒక్కోదానికి 42 సెకన్లు. రీడింగ్‌లో 40 నిమిషాలకు 36 ప్రశ్నలు, ఒక్కోదానికి సుమారు 67 సెకన్లు. మ్యాథ్స్‌లో 50 నిమిషాలకు 45 ప్రశ్నలు, ఇక్కడా ఒక్కోదానికి సుమారు 67 సెకన్లు. శాట్‌లో రీడింగ్ అండ్ రైటింగ్ 54 ప్రశ్నలకు 64 నిమిషాలు, అంటే ప్రశ్నకు 71 సెకన్లు. మ్యాథ్స్ 44 ప్రశ్నలకు 70 నిమిషాలు, అంటే 95 సెకన్లు. రీడింగ్‌లో రెండింటికీ పెద్ద తేడా లేదు. మ్యాథ్స్‌లో మాత్రం శాట్ రాసేవారికి ప్రశ్నకు దాదాపు అర నిమిషం అదనంగా దొరుకుతుంది. మీ అబ్బాయి నెమ్మదితనం లెక్కల్లోనే అయితే శాట్ అతనికి మేలు చేస్తుంది. చదవడంలోనే అయితే ఆశించినంత మేలు జరగకపోవచ్చు.

మరో సంగతి కూడా మీరు గమనించాలి. శాట్‌లో ప్రతి సెక్షన్ రెండు మాడ్యూళ్లుగా వస్తుంది. మొదటి మాడ్యూల్ ఎలా రాశాడన్న దాన్ని బట్టి రెండోది కఠినమైనదా, తేలికైనదా అన్నది కంప్యూటర్ నిర్ణయిస్తుంది. తేలిక మాడ్యూల్ వచ్చినవారు దాన్ని తప్పు లేకుండా రాసినా అందుకోగల స్కోరుకు ఒక పరిమితి ఉంటుంది. మాడ్యూల్ లోపల వెనక్కి వెళ్లి సరిదిద్దుకోవచ్చు, కానీ మాడ్యూల్ గడువు ముగిశాక దాన్ని మళ్లీ తెరవలేరు. అంటే మొదట్లో కుదురుకోవడానికి పది నిమిషాలు పట్టి, తర్వాత పుంజుకునే పిల్లలకు శాట్ అంత స్నేహపూర్వకం కాదు. ఏసీటీలో అటువంటి మలుపు లేదు. ముందు ప్రశ్న ఎలా రాశారన్న దానితో తర్వాతి ప్రశ్నకు సంబంధం ఉండదు. నెమ్మదిగా రాయడం వేరు, నెమ్మదిగా మొదలుపెట్టడం వేరు. తల్లిదండ్రులకు ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి, పరీక్షకు మాత్రం ఒకేలా కనిపించవు.

మీ అబ్బాయిది ఏ రకమో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఏసీటీ మ్యాథ్స్ సెక్షన్ ఒకటి ఇచ్చి, 50 నిమిషాల గంట మోగగానే అప్పటివరకు పెట్టిన జవాబుల కింద ఎర్ర గీత గీయమనండి. ఆ తర్వాత వేరే రంగు పెన్నుతో, గడియారంతో పని లేకుండా మిగతావి పూర్తి చేయనివ్వండి. గీతకు ముందు వచ్చిన స్కోరునూ, మొత్తం పూర్తయ్యాక వచ్చిన స్కోరునూ పోల్చండి. రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే సమయమే అతని సమస్య. శాట్ వైపు వెళ్లండి. తేడా పెద్దగా లేకపోతే కొరత విషయంలో ఉంది, అప్పుడు పరీక్ష మార్చినందువల్ల ఒరిగేది తక్కువ. గీతకు పైన, మొదటి పది ప్రశ్నల్లోనే తప్పులు గుంపుగా ఉంటే అది ఆలస్యంగా కుదురుకునే స్వభావం. అటువంటివారు శాట్ ఎంచుకుంటే పరీక్ష రోజు లోపలికి వెళ్లే ముందే నాలుగైదు లెక్కలు చేసి మెదడుకు పదును పెట్టుకోవడం అలవరచుకోవాలి.

చదవడంలోనో, ఏకాగ్రతలోనో వైద్యపరంగా నిర్ధారణ అయిన ఇబ్బంది ఉంటే రెండు సంస్థలూ అదనపు సమయం ఇస్తాయి. పాఠశాల కౌన్సెలర్ ద్వారా పత్రాలతో దరఖాస్తు చేయాలి, ఆమోదానికి వారాలు పడుతుంది. పరీక్ష తేదీ ఎంచుకోకముందే ఆ పని మొదలుపెట్టడం మంచిది.

ప్రశ్న: నేను రెండు పరీక్షలకూ పూర్తి నిడివి మాక్ టెస్టులు రాశాను. శాట్‌లో 1350 వచ్చింది (రీడింగ్ అండ్ రైటింగ్ 630, మ్యాథ్స్ 720). ఏసీటీలో 30 వచ్చింది (ఇంగ్లీష్ 32, మ్యాథ్స్ 29, రీడింగ్ 28). పట్టికలో చూస్తే 1350 అంటే ఏసీటీ 29. కాబట్టి ఏసీటీయే నాకు తగినదని అనుకోవచ్చా? – ఒక విద్యార్థి

జవాబు: ఒక్క పాయింటు తేడాను చూసి ఏమీ అనుకోకూడదు. అదే విద్యార్థి వారం తేడాతో అదే పరీక్ష మళ్లీ రాస్తే ఆ మాత్రం అటూ ఇటూ అవుతుంది. శాట్ స్కోరు పత్రంలో కూడా స్కోరు పక్కన ఒక శ్రేణిని ముద్రించేది అందుకే. సమానతా పట్టికలో రెండు మూడు పాయింట్ల తేడా కనిపిస్తే అప్పుడు అది మాట్లాడుతున్నట్టు. మీ విషయంలో మొత్తాలు మౌనంగానే ఉన్నాయి గానీ వాటి లోపలి అంకెలు చాలా చెబుతున్నాయి. ఆ మాటకొస్తే, ఇంత వివరంగా స్కోర్లు పంపే పాఠకులు అరుదు.

ముందుగా ఇంగ్లీషు సంగతి చూద్దాం. ఏసీటీ ఇంగ్లీష్‌లో 32 వచ్చింది, రీడింగ్‌లో 28 దగ్గర ఆగారు. అంటే వాక్య నిర్మాణం, విరామ చిహ్నాలు, పేరా కూర్పు మీకు పట్టుబడ్డాయి. పొడవైన పాఠం చదివి రచయిత ఉద్దేశాన్ని పట్టుకోవడంలో వెనకబడుతున్నారు. ఏసీటీ ఈ రెండింటినీ వేర్వేరు సెక్షన్లుగా చూసి, మొదటిదానికి పూర్తిగా మూడో వంతు బరువు ఇస్తుంది. శాట్ రెండింటినీ ఒకే స్కోరులో కలిపేస్తుంది. అందులో శుద్ధ వ్యాకరణ ప్రశ్నలు నాలుగో వంతుకు కాస్త పైన, అంతే. మిగతాది ఎక్కువగా అర్థగ్రహణం, సందర్భాన్ని బట్టి పదం ఎంపిక, ఆధారాన్ని వాదనతో జోడించడం. మీ బలం శాట్‌లో పలచబడుతోంది, 630 వెనక ఉన్న కారణం బహుశా అదే.

ఒక మాదిరి చూడండి. రెండు సంపూర్ణ వాక్యాల మధ్య కామా మాత్రమే పెట్టి, దాన్ని అలాగే ఉంచాలా, సెమికోలన్ పెట్టాలా, కామా పక్కన సముచ్చయం చేర్చాలా అని అడగడం రెండు పరీక్షల్లోనూ ఉంటుంది. తెలుగులో కామాతో వాక్యాలను గొలుసుకట్టుగా రాయడం తప్పనిపించదు కాబట్టి మన పిల్లలు ఇక్కడ సాధారణంగా దెబ్బతింటారు. ఇది ఒకసారి నేర్చుకుంటే మరిచిపోయేది కాదు. బడిలో మనల్ని హడలగొట్టిన ఆర్టికల్స్, వాయిస్ మార్పులు ఈ పరీక్షల్లో దాదాపు కనిపించవు. కామా, కోలన్, డాష్, కర్తకు తగిన క్రియ, విశేషణం ఏ పదానికి అతకాలి అన్నవే పదేపదే వస్తాయి. 32 తెచ్చుకున్న మీరు ఈ నియమాలలో ఏదో రెండు మూడింటి దగ్గర తప్పుతున్నారంతే. ఆ స్కోరును 34కు లేపడం, రీడింగ్ 28ని 30కి లేపడం కంటే చాలా సులువు.

ఇక లెక్కలు. శాట్‌లో 720 తెచ్చుకున్న విద్యార్థికి ఏసీటీలో 29 కొంచెం తక్కువే. దీనికి కారణం మీ జవాబు పత్రంలో ఉంటుంది. ఏసీటీ మ్యాథ్స్‌లో శాట్‌లో రాని మాత్రికలు, సదిశల వంటివి అక్కడక్కడా తగులుతాయి, సంవర్గమానాలూ అడుగుతారు. తప్పు పోయినవి ఆ అంశాలవేనా, లేక చివరి పది ప్రశ్నలకు సమయం చాలక ఊహించి నొక్కినవా అన్నది చూడండి. ప్రతి తప్పు పక్కన మూడింటిలో ఒక మాట రాయండి: తెలియదు, తెలుసు గానీ సమయం లేదు, తెలుసు గానీ ప్రశ్నను తప్పు చదివాను. ‘తెలియదు’ అన్నవి నెల రోజుల చదువుతో పోతాయి. ‘సమయం లేదు’ అన్నవి కొంత సాధనతో తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. ‘తప్పు చదివాను’ అన్నవే మొండివి, అవి ఏ పరీక్షకైనా మీతోపాటే వస్తాయి.

మీ ఏసీటీ లెక్కల తప్పుల్లో ‘తెలియదు’ ఎక్కువగా ఉంటే నేను సంకోచం లేకుండా ఏసీటీ రాయమంటాను. మ్యాథ్స్ 29 నుంచి 33కు, ఇంగ్లీష్ 34కు చేరితే రీడింగ్ 28 దగ్గరే ఆగినా సగటు 31.67, అంటే 32. పట్టికలో అది 1430కి సమానం. శాట్‌లో అంత రావాలంటే మ్యాథ్స్ 780కి పెంచినా రీడింగ్ అండ్ రైటింగ్ మరో 20 పెరగాలి. అది అసాధ్యమేమీ కాదు, కానీ మీకు కష్టమైన వైపు నుంచే ఆ 20 రావాలి. ‘సమయం లేదు’ ఎక్కువగా ఉంటే మాత్రం ఈ లెక్క తారుమారవుతుంది, శాట్‌తోనే ఉండండి.

మాక్ టెస్టులు ఎక్కడివి అన్నది మీరు రాయలేదు. శాట్‌కు, దాన్ని నిర్వహించే కాలేజ్ బోర్డు వారి బ్లూబుక్ యాప్‌లో ఉచితంగా దొరికేవి, ఏసీటీకి ఆ సంస్థే విడుదల చేసేవి మాత్రమే ఇటువంటి పోలికకు పనికొస్తాయి. కోచింగ్ కేంద్రాల ప్రశ్నపత్రాల్లో స్కోరు లెక్క వారి సొంతది. అట్టమీద కొత్త సంవత్సరం వేసుకుని లోపల 75 ప్రశ్నల ఇంగ్లీష్ సెక్షన్ ఉన్న ఏసీటీ పుస్తకాలు కూడా తారసపడవచ్చు. సెక్షన్‌లోని ప్రశ్నలు లెక్కపెట్టి చూశాకే కొనండి.

ప్రశ్న: మా అబ్బాయి పుస్తకాల పురుగు. లెక్కలంటేనే భయం. రెండు పరీక్షలూ రాయించి, ఏది బాగా వస్తే అది పంపుదామనుకుంటున్నాం. – ఒక తల్లి

జవాబు: రెండూ రాయించవద్దు. రెండింటికీ మాక్ టెస్టు ఒక్కొక్కటి రాయించి, ఆ తర్వాత ఒకదాన్నే పట్టుకోండి. స్కోరు అడిగే అమెరికన్ విశ్వవిద్యాలయాలు శాట్‌ను, ఏసీటీని సమానంగానే చూస్తాయి. రెండూ పంపినందుకు అదనపు గౌరవం ఏమీ ఉండదు. ప్రశ్నల తీరు, సమయపు లయ వేర్వేరు కావడం వల్ల రెండు పడవల మీద కాళ్లు పెట్టిన పిల్లలు దేనిలోనూ తమ అసలు స్థాయిని చేరుకోలేరు.

మొదటి ఉత్తరానికి చెప్పిన బరువుల లెక్క మీ అబ్బాయికి తిరగబడుతుంది. చదవడంలో బలం, లెక్కల్లో బలహీనత ఉన్నవారికి లెక్కల వాటా మూడో వంతే ఉన్న ఏసీటీ మొదటి చూపులో లాభం. గ్రాఫులు చదవగలిగితే ఐచ్ఛిక సైన్స్ కూడా అతనికి కలిసి రావచ్చు. కానీ భయం ఎక్కడ ఉందో చూడాలి. కొందరికి సమీకరణాన్ని సాధించే దశలు గుర్తుండవు గానీ బొమ్మ చూపిస్తే వెంటనే అర్థమవుతుంది. శాట్ యాప్‌లో డెస్మోస్ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ లోపలే ఉంటుంది, మ్యాథ్స్ సెక్షన్ అంతటా వాడుకోవచ్చు. వై = ఎక్స్² − 4ఎక్స్ + 3 అనే వక్రం, వై = 2ఎక్స్ − 5 అనే రేఖ ఎక్కడ ఖండించుకుంటాయి అని అడిగారనుకోండి. చేత్తో చేసే విద్యార్థి రెండింటినీ సమానం చేసి, కారణాంకాలు విడగొట్టి, ఎక్స్ విలువలు 2, 4 అని తేల్చాలి. మీ అబ్బాయి రెండు సమీకరణాలనూ టైప్ చేస్తే గీతలు కలిసే రెండు చుక్కలు తెర మీద కనిపిస్తాయి, వాటిని నొక్కితే విలువలు వచ్చేస్తాయి. ప్రతి ప్రశ్నా ఇలా లొంగదు గానీ చాలానే లొంగుతాయి. ప్రాథమిక జ్యామితి సూత్రాల పట్టిక కూడా శాట్ తెర మీదే ఇస్తుంది.

కాబట్టి ముందు రెండు వారాలు డెస్మోస్ నేర్పించి, ఆ తర్వాత శాట్ మాక్ టెస్టు రాయించండి. అప్పుడు కూడా లెక్కల స్కోరు చదువు స్కోరు కంటే బాగా వెనకే ఉంటే ఏసీటీ ఎంచుకోండి. ఇంకో మాట: అతను దరఖాస్తు చేయాలనుకుంటున్న కాలేజీల జాబితా ముందు రాయించండి. ఎంఐటీ వంటివి స్కోరు తప్పనిసరి అంటాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రవేశ నిర్ణయాల్లో శాట్, ఏసీటీ స్కోర్లను అసలు చూడదు. జాబితా అంతా రెండో రకం కాలేజీలే అయితే ఈ చర్చే అక్కర్లేదు.

ప్రశ్న: ఐదేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. విదేశంలో ఎంబీఏ చేయాలని ఉంది, కుదరకపోతే బిజినెస్ అనలిటిక్స్‌లో ఎంఎస్. అంకగణితం, బీజగణితం బాగానే వస్తాయి, జ్యామితి మరిచిపోయాను. ఇంగ్లీషు పదసంపద తక్కువ. జీఆర్ఈ రాయాలా, జీమ్యాట్ రాయాలా? – ఒక ఉద్యోగి

జవాబు: ఇవి రెండూ పీజీ ప్రవేశాలకు రాసే పరీక్షలు. మీరు చెప్పుకున్న బలాబలాలను బట్టి మాత్రమే చూస్తే జీమ్యాట్. 2024 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న జీమ్యాట్‌లో జ్యామితి ప్రశ్నలు తీసేశారు. వర్బల్ అనే ఇంగ్లీషు సెక్షన్‌లో వాక్యాలను సరిదిద్దే వ్యాకరణ ప్రశ్నలు కూడా పోయి, పఠనావగాహన, తార్కిక వాదన మాత్రమే మిగిలాయి. అరుదైన పదాల అర్థం నేరుగా పరీక్షించేది జీఆర్ఈయే. ఖాళీలు పూరించడం, ఒకే అర్థమిచ్చే రెండు పదాలు ఎంచుకోవడం అందులో గణనీయమైన భాగం. జీఆర్ఈ లెక్కల సెక్షన్ అయిన క్వాంట్‌లో జ్యామితి ఇప్పటికీ ఉంది.

అయితే జీమ్యాట్‌లో మూడు సెక్షన్లు, క్వాంట్, వర్బల్, డేటా ఇన్‌సైట్స్ (పట్టికలు, గ్రాఫుల విశ్లేషణ), ఒక్కోదానికి 45 నిమిషాల చొప్పున, మొత్తం స్కోరులో సమాన వాటాతో ఉంటాయి. క్వాంట్‌లో 21 ప్రశ్నలకు కాలిక్యులేటర్ ఇవ్వరు. డేటా ఇన్‌సైట్స్‌లో మాత్రమే ఇస్తారు. ప్రశ్నను వదిలేసి ముందుకు వెళ్లే వీలు కూడా లేదు. జవాబు పెట్టాకే తర్వాతి ప్రశ్న వస్తుంది, సెక్షన్ చివర్లో సమయం మిగిలితే మూడు జవాబుల వరకు మార్చుకోవచ్చు. జీఆర్ఈలో సెక్షన్ లోపల ఎటైనా తిరగవచ్చు, కష్టమైనదాన్ని గుర్తుపెట్టి చివర చూడవచ్చు, క్వాంట్ అంతటా తెర మీద కాలిక్యులేటర్ ఉంటుంది. కష్టమైన ప్రశ్న ఎదురైతే వదల్లేక దాని దగ్గరే ఐదు నిమిషాలు కూర్చునే స్వభావం మీదైతే, జీమ్యాట్ మీ చేత ఆ అలవాటు మాన్పించే దాకా ఏడిపిస్తుంది.

నిర్ణయం మలుపు తిరిగేది మీ రెండో ఆలోచన దగ్గర. ఎంబీఏ ఒక్కటే లక్ష్యమైతే, బిజినెస్ స్కూళ్లు ఎక్కువగా రెండింటినీ తీసుకుంటాయి గనుక మీకు అనువైన జీమ్యాట్ రాయండి. బిజినెస్ అనలిటిక్స్ కోర్సులు బిజినెస్ స్కూల్ కింద ఉంటే అక్కడా జీమ్యాట్ చెల్లడం మామూలే. అదే కోర్సు ఇంజినీరింగ్ లేదా స్టాటిస్టిక్స్ విభాగం కింద ఉంటే, స్కోరు అడిగే చోట జీఆర్ఈయే అడుగుతారు, అందులోనూ క్వాంట్‌ను విడిగా చూస్తారు. మీ జాబితాలో రెండో రకం కోర్సులు ఒకటి రెండుకు మించి ఉంటే పదసంపద కోసం మూడు నెలలు కష్టపడటానికి సిద్ధపడి జీఆర్ఈ ఎంచుకోవడమే తెలివైన పని. రెండింటి స్కోర్లూ ఐదేళ్లు చెల్లుతాయి కాబట్టి, ఉద్యోగంలో పని ఒత్తిడి తక్కువగా ఉన్న నెలల్లో పరీక్ష ముగించుకుని, దరఖాస్తులు వచ్చే ఏడాదికి పెట్టుకున్నా ఇబ్బంది లేదు.